సూరత్‌లో ఇద్దరు పంతుళ్లు

సూరత్ నగర సాహిత్య చరిత్రలో 1866వ సంవత్సరం విశేషమైనది. ఆ యేట నందశంకర్ మెహతా అనే ప్రధానోపాధ్యాయుడు ‘కరణ్ ఘేలో’ ప్రకటించారు. గుజరాతీలో తొలి నవలగా దానినే పేర్కొంటారు. ఆ యేడే, ఆ ఊరివాడే అయిన నర్మద్ కవి ‘మారీ హకీకత్’ అనే స్వీయచరిత్ర రచించారు. ఆయన కూడా కొంతకాలం పంతులుగా ఉన్నవారే. నవల వెంటనే పాఠకులకు అందింది. స్వీయచరిత్ర మాత్రం గ్రంథకర్త మరణించిన చాలాకాలానికి, 1933లో గాని లోకానికి వెల్లడి కాలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పడం కల్పించి చెప్పడం కన్న సాహసకార్యం కాబోలు!

బడిపిల్లలు కథలు చదవాలా, వాస్తవ రచనలు చదవాలా అన్న వివాదం తలెత్తినప్పుడల్లా ఈ ఇద్దరు పంతుళ్లూ నాకు గుర్తుకు వస్తారు. అమెరికాలో 2010లో వెలువడిన విద్యా ప్రమాణాలు నాలుగో తరగతిలో రెండూ సరిసగమనీ, పన్నెండో తరగతికి నూటికి 70 పాళ్లు వాస్తవ రచనలే కావాలనీ నిర్దేశించాయి. ఈ లెక్క అన్ని పాఠ్యవిషయాలకూ కలిపి వేసినదని అందులోనే రాసి ఉన్నా, భాష బోధించే పంతుళ్లు అనేకులు కథలకే కత్తెర పడిందని కలవరపడ్డారు. సామాన్యశాస్త్రమూ, భూగోళమూ వాస్తవాలు కాక మరేమిటి? తెలుగు గంటలో ఉన్న నాలుగు కథలనూ తీసివేయనక్కరలేదు.

నిజమైన కొరత వేరే ఉంది. సూరత్‌లో మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నగర ప్రాథమిక విద్యా సమితి తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. అక్కడి పిల్లవానికి ‘ఉకాయి ఆనకట్ట తాపీ నదిపై ఉన్నది’ అన్న ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటే వాడు దానిని వల్లెవేస్తాడు, పరీక్ష కాగానే మరచిపోతాడు. జలాశయం నింపకపోతే వేసవిలో పొలాలు ఎండుతాయి. నింపితే కొత్త వరదకు చోటుండదు. 2006 ఆగస్టులో ఎగువన కుండపోతగా వానలు కురిశాయి, జలాశయం నుంచి భారీగా నీరు వదలవలసి వచ్చింది, దిగువన నగరంలో అధికభాగం మునిగిపోయింది. ఈ చిక్కును మెట్టుమెట్టుగా విప్పి చెప్పండి; వాడు కథ విన్నంత ఆత్రంగా వింటాడు. తన వీధిలోకి నీళ్లెలా వచ్చాయో అమ్మను అడిగి తెలుసుకుంటాడు.

ఇటువంటి వచనం మనకు తక్కువ. నవలలోని సంభాషణను తెలుగు చేయడం కన్న, ఒక యంత్రం పనిచేసే తీరును చెప్పే పేరాను తెలుగు చేయడానికే నేను ఎక్కువ అవస్థపడ్డాను. మాటలు లేక కాదు. పడుగు, పేక, నాడె వంటి చక్కని మాటలు ఆ పిల్లవాని ఇంట్లోనే ఉన్నాయి. వాటిని వాక్యంలో కూర్చే అలవాటు మనకు తప్పిపోయింది. ‘రాజశేఖర చరిత్రము’ రాసిన వీరేశలింగం పంతులుగారు ఆ చేతితోనే స్వీయచరిత్రా రాశారు, శాస్త్ర విషయాలూ రాశారు.

వారానికి ఒక గంట కేటాయిస్తే చాలును. ఒక వారం కథ, మరుసటి వారం నాన్న నడిపే మగ్గం.