పాత ఆటకు కొత్త ప్రాణం

ఢిల్లీ కరోల్ బాగ్‌లో అజ్మల్ ఖాన్ రోడ్డు రద్దీని దాటి ముందుకు నడిచిన వారికి గఫార్ మార్కెట్ ఎదురవుతుంది. సరిహద్దు గాంధీగా ప్రసిద్ధికెక్కిన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ పేరుతో వెలసిన బజారు అది. ఇరుకైన సందులలో బల్లలు వేసుకొని, భూతద్దాలు పెట్టుకొని, విప్పిన ఫోన్ల మీదికి వంగి పనిచేసే మరమ్మతుదారులకు అది పేరు మోసిన చోటు. వారి విద్యకు ఒక నియమం ఉన్నది. పాతదంతా పారవేయకూడదు, పాతదంతా దాచుకోకూడదు. పగిలిన అద్దం తీసివేస్తారు, పనిచేసే పలకను ఉంచుతారు. చచ్చిన బ్యాటరీ మారుస్తారు, బతికిన కెమెరా జోలికి పోరు. ఏది ఉంచాలో, ఏది తీయాలో తెలిసినవాడే మంచి పనివాడు.

వీడియో ఆటల లోకంలోనూ కొన్ని సంవత్సరాలుగా ఇటువంటి మరమ్మతు ఒకటి సాగుతున్నది. ముప్పయి ఏళ్ల నాటి తుపాకి ఆటల పద్ధతిని తిరిగి చేతికి తీసుకొని, నేటి యంత్రాలకు తగినట్లు కొత్త ఆటలు తయారు చేస్తున్నారు. ఆటగాని చేతులు, ఆయుధం మాత్రమే తెర మీద కనిపిస్తూ, లోకమంతా అతని కళ్లతోనే చూసినట్లుండే ఈ ఆటలను ఫస్ట్ పర్సన్ షూటర్లు అంటారు. పాత తీరులో వచ్చే కొత్త ఆటలకు ‘బూమర్ షూటర్లు’ అనే హాస్యపు పేరు కూడా వచ్చింది. అంటే తాతల కాలపు తుపాకి ఆటలని భావం.

కరోల్ బాగ్ నేపథ్యంలో ఈ ప్రస్తావనకు మరొక కారణం ఉన్నది. ఈ పేటలోను, పక్కనే ఉన్న రాజేంద్ర నగర్‌లోను సివిల్ సర్వీసు పరీక్షల శిక్షణ కోసం దేశం నలుమూలల నుండి యువకులు వచ్చి అద్దె గదులలో ఉంటారు. వారిలో తెలుగు బిడ్డలూ ఉన్నారు. అటువంటి విద్యార్థికి ఉండేది పాత ల్యాప్‌టాప్, పరిమితమైన డబ్బు, అంతకంటె పరిమితమైన కాలం. చదువు మధ్య దొరికిన ఒక గంటను అతడు ఆటకు ఇస్తే, ఆ ఆట అతనికి ఏమి తిరిగి ఇస్తుంది? ఆ గంటతో సరిపెట్టుకుంటుందా, మరి రెండు గంటలు లాక్కుంటుందా? పాత తీరు ఆటల మంచిచెడ్డలను ఈ ప్రశ్న దృష్ట్యా తూచి చూడడం ఉచితం.

మూలపురుషుడు

ఈ వంశానికి మూలపురుషుడు ‘డూమ్’. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉన్న ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ దానిని 1993 డిసెంబరు 10న విడుదల చేసింది. అంతకు ముందు సంవత్సరమే అదే సంస్థ ‘వుల్ఫెన్‌స్టైన్ 3డి’ అనే ఆటతో ఈ మార్గానికి బాట వేసింది. డూమ్ మొదటి భాగాన్ని ఉచితంగా పంచిపెట్టారు. నచ్చినవారు డబ్బు పంపి తక్కిన భాగాలు తెప్పించుకొనేవారు.

ఆనాటి కంప్యూటర్ల శక్తి స్వల్పం. తెర మీద అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు, మొత్తం 256 రంగులు. అంతటితోనే బొమ్మ పూర్తి కావాలి. అందుకని నిర్మాతలు అనేక ఉపాయాలు పన్నారు. కొన్ని రాక్షసులకు మట్టి బొమ్మలు చేసి, చుట్టూ తిప్పుతూ చిత్రాలు తీసి ఆటలో అతికించారు. జాన్ కార్మాక్ అనే ప్రోగ్రామర్ భవనపు పటాన్ని ముందుగానే ముక్కలుగా విభజించి పెట్టి, ఏ గోడ ముందో ఏది వెనుకో యంత్రం తటాలున తేల్చుకొనే ఏర్పాటు చేశాడు. అయినా ఒక గది మీద మరొక గది కట్టడం ఆ పద్ధతిలో సాధ్యపడలేదు. ఆటగాడు తల ఎత్తి పైకి చూడనూ లేడు. ఈ కొరతలను 1996లో వచ్చిన ‘క్వేక్’ తీర్చింది.

కొరతల నుండే ఒక శిల్పం పుట్టిందనడంలో అతిశయోక్తి లేదు. సూక్ష్మమైన బొమ్మలు గీయలేని నిర్మాత ప్రతి శత్రువుకూ దూరం నుండే పోల్చుకోగల ఆకారం, రంగు, అరుపు ఇచ్చాడు. నాటకీయమైన కథ చెప్పలేనివాడు భవనపు అమరికలోనే ఉత్కంఠ కూర్చాడు. తలుపు మూసి ఉంటుంది. దానికి ఎర్ర తాళంచెవి కావాలి. ఆ తాళంచెవి కిటికీలోంచి కనబడుతుంది గాని, దానిని చేరే దారి మాత్రం ఎక్కడో వెనుక ఉంటుంది. అది చిన్న తర్కసమస్య.

తరువాతి కాలంలో ఈ ఆటల నడక మారిపోయింది. 2001లో వచ్చిన ‘హేలో’ ఆటగాని చేతిలో ఒకేసారి రెండు ఆయుధాలనే ఉంచింది. 2005లో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ 2’ గాయపడినవాడు గోడ చాటున కాసేపు దాగితే దానంతట అదే కోలుకొనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఖర్చు పెరిగింది, బొమ్మ నిజానికి దగ్గరయింది, కథ సినిమాను అనుసరించింది. ఆటగాడు మాత్రం క్రమంగా నిర్మాత చూపిన దారిలో నడిచే బాటసారి అయినాడు. ఈ మార్పు పట్ల కలిగిన అసంతృప్తే పాత తీరు తిరిగి రావడానికి ప్రధాన కారణం.

‘డస్క్’లోని గుణాలు

ఈ పునరుద్ధరణలో తరచుగా వినిపించే పేరు ‘డస్క్’. డేవిడ్ సిమాన్‌స్కీ అనే అమెరికన్ దానిని చాలవరకు ఒంటరిగా రూపొందించాడు. ఆండ్రూ హల్‌షుల్ట్ సంగీతం సమకూర్చాడు. న్యూ బ్లడ్ ఇంటరాక్టివ్ సంస్థ ప్రచురించింది. పూర్తి రూపంలో అది వెలువడింది 2018 డిసెంబరు 10న, అనగా డూమ్ పుట్టి సరిగ్గా 25 సంవత్సరాలు నిండిన రోజున.

కథ స్వల్పమే. ఆటగాడు ఒక నేలమాళిగలో మాంసపు కొక్కేనికి వేలాడుతూ మేల్కొంటాడు. చేతిలో రెండు కొడవళ్లు. ఎదుట రంపాలు పట్టుకొన్న ముగ్గురు. ముందుగా పాఠం చెప్పేవారు లేరు, దారి చూపే బాణపు గుర్తు లేదు. అక్కడి నుండి పల్లెపొలాలు, కర్మాగారాలు, చివరకు భూమి మీదివి కానట్టి విచిత్ర కట్టడాలు దాటుకుంటూ మూడు భాగాల ప్రయాణం సాగుతుంది.

మొదటి గుణం కదలిక. ఆటగాడు ఎంతో వేగంగా పరుగెత్తగలడు. అతని వైపు వచ్చే అగ్నిగోళాలు చాలావరకు కంటికి కనిపించే వేగంతో వస్తాయి గనుక తప్పుకోవచ్చు. గోడ చాటున నక్కి ఉండడం కాక, కదులుతూ ఉండడమే రక్షణ. దెబ్బ తగిలితే అది తన తప్పేనని ఆటగాడికి తెలుస్తుంది. న్యాయమైన ఓటమి తిరిగి ప్రయత్నించడానికి ప్రోత్సాహమిస్తుంది.

రెండవది స్పష్టత. ప్రతి ఆయుధానికీ ఒక పని ఉన్నది. దగ్గరివారికి ఒకటి, దూరాన ఉన్నవారికి ఒకటి, గోడల వెనుక ఉన్నవారిని సైతం ఛేదించే విల్లు ఒకటి. దొరికిన ఆయుధాలన్నీ వెంట ఉంటాయి. ఏ క్షణాన ఏది తీయాలన్నదే నేర్పు.

మూడవది అన్వేషణ. ప్రతి లెవెల్‌లోను రహస్యపు గదులు ఉంటాయి. చివరన ఎన్ని రహస్యాలు బయటపెట్టిందీ, ఎంత కాలం పట్టిందీ లెక్క చూపుతుంది. చమత్కారానికీ లోటు లేదు. ఎక్కడో మూలన దొరికే సబ్బుబిళ్ల విసిరితే ఎంతటి శత్రువైనా ఒక్క దెబ్బకు కూలిపోతాడు. రెండవ భాగంలో డచ్చి చిత్రకారుడు ఎషర్ పేరు పెట్టుకొన్న ప్రయోగశాల ఒకటి ఉన్నది. అక్కడ నేల ఏదో, కప్పు ఏదో తెలియకుండా దిక్కులే తిరగబడతాయి. 1993 నాటి యంత్రానికి ఊహకందని కట్టడమది. పాత పద్ధతిని అనుకరించడంతో ఆగక, ఆ పద్ధతి చేయలేకపోయిన దానిని చేసి చూపడం ఇక్కడ కనిపిస్తుంది.

నాలుగవది నిజాయితీ. ఒకసారి కొంటే ఆట అంతా కొన్నవాడిదే. రోజూ రమ్మని పిలిచే బహుమతులు లేవు, రంగుల దుస్తుల అమ్మకాలు లేవు. ఒక్కొక్క లెవెల్ కొద్దిపాటి వ్యవధిలో ముగుస్తుంది. ముగియగానే లెక్క చూపి, ‘ఇక లేవవచ్చు’ అన్నట్లు ఆగుతుంది. 2018లో మన దేశానికి వచ్చిన ‘పబ్‌జీ మొబైల్’ వంటి ఆటలు వాటంతట అవి ముగిసేవి కావు. ఒక పోటీ అయితే మరొకటి సిద్ధం. మిత్రులు పిలుస్తూనే ఉంటారు. కాలాన్ని పొదుపుగా వాడవలసిన వాడికి ఈ వ్యత్యాసం చిన్నది కాదు.

లోపాలు

పాత తీరును తలకెత్తుకొన్నవారు దాని రోగాలనూ వెంట తెచ్చుకొన్నారు. వాటిలో మొదటిది దారి తప్పడం. శత్రువులందరూ నశించిన తరువాత ఏ మీట నొక్కాలో, ఏ తలుపు తెరుచుకొన్నదో తెలియక ఖాళీ గదులలో తిరుగాడడం ఈ జాతి ఆటలన్నింటికీ ఉన్న శాపం. డూమ్‌లో కనీసం పటం చూసుకొనే వీలుండేది. 2023లో వచ్చిన ‘వార్‌హామర్ 40,000: బోల్ట్‌గన్’ అనే ఆట ఆయుధాల గాంభీర్యానికి మెప్పు పొందినా, దారి దొరకని చిక్కుదనానికి విమర్శ ఎదుర్కొన్నది. డస్క్ కూడా ఈ దోషానికి పూర్తిగా అతీతం కాదు.

రెండవది శత్రువుల మందబుద్ధి. కనబడగానే ఎదురు రావడం, కాల్చడం. అంతకు మించి ఆలోచన లేదు. చుట్టూ తిరుగుతూ కాల్చే కిటుకు పట్టుబడిన తరువాత మామూలు పోరాటాలలో పస తగ్గుతుంది. ఆట ఎక్కడ కావలిస్తే అక్కడ భద్రపరచుకొనే సౌకర్యం కూడా రెండంచుల కత్తి. అడుగడుగునా భద్రపరచుకొంటూ పోయేవాడికి భయమే ఉండదు. భయం లేని చోట ఆ చీకటి మేడకు అర్థమే ఉండదు.

మూడవది దేహానికి సంబంధించినది. విపరీతమైన వేగం, అలవాటు లేనివారికి తల తిప్పుతుంది. మొరటు బొమ్మల వలన చీకటిలో శత్రువు ఎవరో, స్తంభం ఏదో పోల్చుకోవడం కొన్నిచోట్ల కష్టం. రక్తపాతం మితిమీరి ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్న చోట ఇది తగిన ఆట కాదని పెద్దలు గ్రహించాలి.

నాలుగవది ఒక భ్రమ. బొమ్మ పాతది గనుక ఎంత పాత యంత్రం మీదనైనా నడుస్తుందని కొందరు తలుస్తారు. అది సరికాదు. డస్క్‌ను యూనిటీ అనే నేటి సాధనంతో నిర్మించారు. భారీ ఆటలతో పోలిస్తే అది తేలికే అయినా, 2022లో పూర్తి రూపం పొందిన ‘ప్రోడియస్’ వంటివి పాత బొమ్మల మీద కొత్త వెలుగునీడల హంగులు చేర్చి యంత్రానికి పని పెంచుతాయి. కొనే ముందు తన యంత్రం చాలునో లేదో చూసుకోవడం మేలు.

అన్నిటికంటె పెద్ద లోపం మరొకటి. పాత జ్ఞాపకాన్ని అమ్ముకోవడమే ధ్యేయంగా బయలుదేరిన ఆటలు కోకొల్లలు. చుక్కలు చుక్కలుగా బొమ్మ, గిటారు మోత, ఎర్ర తాళంచెవి, ఇవి ఉంటే చాలుననుకొంటారు. కాని డూమ్ నిర్మాతలు ముతక బొమ్మను కోరి ఎన్నుకోలేదు. అప్పటి యంత్రం ఇచ్చినదంతా పిండుకొన్నారు. వారి ఫలితాన్ని అనుకరించడం సులభం, వారి శ్రమను అనుకరించడం కష్టం.

తూకం

మొత్తం మీద చూస్తే తరాజు గుణాల వైపే మొగ్గుతుంది. అయితే ఆ గుణాలు పాతదనం వలన కలిగినవి కావు. పాతదానిలోని సారాన్ని ఏరుకొన్నందువలన కలిగినవి. వేగం, స్పష్టత, అన్వేషణ, ముగింపు తెలిసిన పరిమాణం, ఈ నాలుగింటినీ ఉంచి, గదిపై గది కట్టలేని అశక్తతను తీసివేసిన చోట డస్క్ గెలిచింది. దారి చూపని మొండితనాన్ని, ఆలోచన లేని శత్రువును అలాగే ఉంచుకొన్న చోట తగ్గింది.

ఆటలు తయారు చేయాలనే కోరిక గల యువకులకు ఇందులో ఒక ఆశ ఉన్నది. వందల మంది సిబ్బంది, కోట్ల పెట్టుబడి లేకపోయినా, ప్రధానంగా ఒక్క మనిషి శ్రమతో లోకం గుర్తించే ఆట తయారు కాగలదని డస్క్ చూపింది. డూమ్ లోపలి ప్రోగ్రాం పాఠాన్ని ఇడ్ సాఫ్ట్‌వేర్ 1997లోనే బయటపెట్టింది గనుక, ఆ పాత పనితనాన్ని విప్పి చూసి నేర్చుకొనే అవకాశం కూడా అందరికీ ఉన్నది.

ఇక అద్దె గదిలోని విద్యార్థి సంగతి. నియమం పెట్టుకొన్నవాడికి, రాత్రి చదువు ముగిసిన తరువాత ఒక లెవెల్, ఒక రహస్యపు గది, ఆ పైన నిద్ర, ఇంతవరకు ఈ ఆట మంచి మిత్రుడే. నియమం లేనివాడికి ఏ ఆటా మిత్రుడు కాదు. పాత యంత్రాన్ని ఒడిలో పెట్టుకొని కూర్చొన్నప్పుడు, గఫార్ మార్కెట్ మరమ్మతుదారు వేసుకొనే ప్రశ్ననే అతడూ తన అలవాట్ల విషయంలో వేసుకోవచ్చు. ఏది ఉంచాలి? ఏది తీసివేయాలి?