దాగిన వైరస్‌ను వదిలేసి రక్షిత రక్తమంటే ఎట్ల?

రక్తదాన శిబిరమంటే మనవాళ్లు వెనకాడరు. కాలేజీ విద్యార్థులు, ఆర్టీసీ కార్మికులు, టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు పిలిస్తే చాలు వరుస కడతారు. ఇచ్చిన నెత్తురుకు పైసా అడగరు. మరి ఇంత ప్రేమతో ఇచ్చిన నెత్తురు రోగి ఒంట్లోకి పోయే ముందు దాన్ని ఎంత గట్టిగా పరీక్షిస్తున్నారో అడిగే హక్కు మనకు లేదా? ఉంది. ఆ హక్కుతోనే అడుగుతున్నాం: హెపటైటిస్ బి వైరస్ దాగి ఉన్న రక్తాన్ని పట్టే ఏర్పాటు మన సర్కారు దవాఖానల్లో ఎందుకు ఉండకూడదు?

దానమిచ్చిన ప్రతి సంచికి ఐదు పరీక్షలు చేయాలని చట్టం చెబుతున్నది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. వీటిలో హెపటైటిస్ బి కోసం వెతికేది హెచ్‌బీఎస్‌ఏజీ అనే పదార్థాన్ని. అది వైరస్ పైపొర. 1960లలో బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు, 1976లో నోబెల్ అందుకున్నాడు. ఆ పదార్థం మొదట బయటపడింది ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో. దాన్ని పట్టిచ్చింది మాత్రం జబ్బు వల్ల మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫిలియా రోగి రక్తం. అంటే ఈ విద్యకు పునాది వేసింది పరాయి నెత్తురు మీద బతికే మనిషే. ఇవ్వాళ ఆ పరీక్షకున్న లోటుకు ఎక్కువగా బలయ్యేదీ అట్లాంటి మనుషులే.

లోటు ఎక్కడున్నది? రెండు చోట్ల. ఒకటి, వైరస్ కొత్తగా సోకినప్పుడు. పైపొర పరీక్షకు అందేంతగా పెరగడానికి ఐదారు వారాలు పడుతుంది. ఈలోగా రక్తమిస్తే పరీక్షలో ‘లేదు’ అనే వస్తుంది. రెండు, ఎప్పుడో సోకి తగ్గిపోయిందనుకున్నప్పుడు. పైపొర రక్తంలో కనిపించదు గానీ వైరస్ జన్యుపదార్థం కాలేయ కణాల్లోనే తిష్ఠ వేసి ఉంటుంది, అప్పుడప్పుడు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతుంది. డాక్టర్లు దీన్నే గుప్త హెపటైటిస్ బి అంటారు. దాతకు జ్వరముండదు, కామెర్లుండవు. తనలో అది ఉన్నట్టు తనకే తెలియదు. కాబట్టి తప్పు దాతది కాదు. చూడగలిగే పరీక్ష ఉండి కూడా పెట్టని వ్యవస్థది.

ఆ పరీక్షలు రెండున్నాయి. మొదటిది యాంటీ హెచ్‌బీసీ. ఎప్పుడైనా ఈ వైరస్ సోకిందా లేదా అని చెబుతుంది. జర్మనీ 2006 నుంచి, బ్రిటన్ 2022 నుంచి దాతల రక్తానికి ఈ పరీక్ష చేస్తున్నాయి. రెండోది నాట్. వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతుకుతుంది. కొత్తగా సోకిన వైరస్‌ను మూడు వారాల దరిదాపుల్లోనే పట్టగలదు. జపాన్ 1999 నుంచే నాట్ చేస్తున్నది. దక్షిణాఫ్రికా 2005 నుంచి ఒక్కో దాత రక్తాన్ని విడివిడిగా నాట్‌తో పరీక్షిస్తున్నది. ఈ ‘విడివిడిగా’ అన్నమాట ముఖ్యం. ఖర్చు తగ్గుతుందని పదిమంది రక్తాన్ని కలిపి చూస్తే, అసలే కొద్దిగా ఉన్న వైరస్ ఇంకా పలచబడి తప్పించుకుంటుంది.

నాట్ సర్వరోగ నివారిణి అని మేము అనడం లేదు. నాట్‌కు కూడా దొరకనంత కొద్దిపాటి వైరస్ ఉన్న ముగ్గురు దాతల నుంచి తొమ్మిది మందికి ఈ జబ్బు సోకినట్టు 2019లో ఐరోపా పరిశోధకులు రుజువు చేశారు. అందుకే కొన్ని దేశాలు రెండు పరీక్షలూ పెట్టుకున్నాయి. మనదేశంలో యాంటీ హెచ్‌బీసీ ఉన్న ప్రతి సంచినీ పారబోస్తే కుదరదు. ఇక్కడ జరిగిన అధ్యయనాల్లో పది శాతం అటూఇటుగా, కొన్నిచోట్ల అంతకు మించి దాతల్లో అది కనిపించింది. అంత నెత్తురు పోగొట్టుకుంటే కాన్పులో రక్తస్రావమైన తల్లికి ఏమిస్తాం? అట్లని ఏమీ చేయకుండా కూర్చోవడం జవాబు కాదు.

ఈ భారం ఎవరి మీద పడుతున్నదో చూడండి. తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఏడాదికి ఇరవై సంచులనుకున్నా, పదిహేనేండ్లు వచ్చేసరికి మూడు వందల మంది దాతల నెత్తురు ఆ ఒక్క ఒంట్లోకి పోతుంది. లాటరీలో ఒక్క టికెట్ కొన్నోడికీ మూడు వందల టికెట్లు కొన్నోడికీ తేడా లేదా? ఆదిలాబాద్ గూడేల్లో సికిల్ సెల్‌తో బాధపడే బిడ్డలది, క్యాన్సర్ మందులు వాడేవాళ్లది కూడా ఇదే బాధ. పైగా ఒక్క దాత సంచిని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తే ముగ్గురికి పోతుంది. అంటే ఒక్క సంచి తప్పితే మూడు ఇండ్లకు ముప్పు.

జార్ఖండ్‌లోని చాయిబాసాలో 2025 అక్టోబరులో తలసేమియా పిల్లలకు హెచ్‌ఐవీ సోకినట్టు బయటపడి దేశమంతా ఉలిక్కిపడింది. వేళ్లన్నీ ఎక్కించిన రక్తం వైపే చూపాయి. వైరస్ వేరు కావచ్చు, అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: పరీక్షకు అందని కాలాన్ని తగ్గించే సాధనం ఉండగా ఎందుకు వాడలేదు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మనదేశంలో దాదాపు 2 కోట్ల 98 లక్షల మంది హెపటైటిస్ బితో బతుకుతున్నారు. ఇంత జబ్బు ఉన్న దేశంలో చట్టం చెప్పిన ఐదు పరీక్షల్లో నాట్ లేదు. పైసలున్నోడు కార్పొరేట్ దవాఖానకు పోయి ‘నాట్ చేసిన రక్తమే కావాలె’ అని అదనంగా కట్టి తెచ్చుకుంటాడు. జిల్లా దవాఖాన మంచం మీదున్న కూలోడి బిడ్డకు ఆ మాటే తెలియదు. ఇచ్చేటప్పుడు అందరి నెత్తురూ ఒక్కటే, ఎక్కించేటప్పుడు మాత్రం రెండు రకాలా? ఇదెక్కడి న్యాయం?

ఖర్చు ఎక్కువంటారు. హెపటైటిస్ బి టీకా గురించీ ఒకప్పుడు ఇదే మాటన్నారు. విదేశీ టీకా సామాన్యుడికి అందనంత ధరలో ఉన్న రోజుల్లో, 1997లో మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ ఆ టీకాను తయారుచేసి ధరను నేలకు దించింది. ఆ తర్వాత అది సర్కారు టీకాల జాబితాలోకి ఎక్కింది, 2011 నుంచి దేశమంతటా పిల్లలకు ఇస్తున్నారు. అయితే ఇవ్వాళ రక్తమిస్తున్న వాళ్లలో చాలామంది ఆ టీకా రాకముందు పుట్టినవాళ్లే. పసిపిల్లలకు టీకా వేశాం కదా అని దాతల పరీక్షను వాయిదా వేస్తే ఇంకో రెండు మూడు దశాబ్దాలు ఆగాల్సిందే. ఒడిశా సర్కారు తన రక్తనిధుల కోసం నాట్ కేంద్రాలు పెట్టుకుంది. మనం ఎందుకు పెట్టుకోలేం? ప్రతి జిల్లాలో యంత్రం అక్కర్లేదు. నాలుగైదు జిల్లాలకు ఒక కేంద్రం పెట్టి, రోజూ నమూనాలు తెప్పించి, ఫలితం వచ్చాకనే సంచి విడుదల చేస్తే సరిపోతుంది.

అందుకే మేము అడుగుతున్నవి ఇవి. సర్కారు రక్తనిధులన్నిటికీ ప్రాంతీయ నాట్ కేంద్రాలు పెట్టాలి. అవి పూర్తయ్యేదాకా తలసేమియా, సికిల్ సెల్, క్యాన్సర్ రోగులకు ఇచ్చే రక్తానికైనా ముందు నాట్ చేయాలి. ఏ రక్తనిధిలోనూ ర్యాపిడ్ కార్డుతో సరిపెట్టకుండా ఎలీసా, అంతకు మించిన పరీక్షలే వాడాలి. తరచూ రక్తం ఎక్కించుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి టీకా వేసి, రక్షణ ఉందో లేదో పరీక్షించి, తగ్గితే మళ్లీ వేయాలి. ఈ ఖర్చు రోగి మీద మోపొద్దు.

ఇంకొకటి. పరీక్షలో పట్టుబడ్డ దాతను గాలికొదలొద్దు. ఆయనకు ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పాలి, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచిత పరీక్షలకు, మందులకు పంపాలి, ఇంట్లోవాళ్లకు టీకా వేయాలి. గల్ఫ్ మెడికల్‌లో ‘అన్‌ఫిట్’ అని రాసి పంపితే సిగ్గుతో తలొంచుకున్న యువకులు కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఎందరో. ఈ జబ్బు కలిసి తింటే రాదు, చేతులు కలిపితే రాదు. బయటపెడతారన్న భయం ఉంటే దాత శిబిరానికే రాడు.

రక్తమిచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదివి వెనక్కి తగ్గొద్దు. కొత్త సూదితో రక్తమిస్తే ఏ జబ్బూ అంటదు. శిబిరానికి పోండి, చెయ్యి చాచండి. అయితే ఆ చెయ్యి చాచేటప్పుడే నిర్వాహకుణ్ని ఒక్క మాట అడగండి: ఈ నెత్తురుకు నాట్ చేస్తారా? వంద మంది అడిగితే రక్తనిధి అధికారి వింటాడు. పదివేల మంది అడిగితే సచివాలయం వింటుంది.