టౌన్ ప్లానింగ్ చదువు: సీటు ఎక్కడ, డబ్బు ఎక్కడిది?

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో సంఘ కమిటీల ముందుకు సహాయం కోరుతూ దరఖాస్తులు రావడం మామూలే. ఈ మధ్య వాటిలో కొత్త పేరు ఒకటి కనిపిస్తోంది. సివిల్ ఇంజినీరింగో ఆర్కిటెక్చరో ముగించిన మన యౌవనస్థులు కొందరు టౌన్ ప్లానింగ్‌లో పీజీ చేస్తామంటున్నారు. నర్సింగ్, బీఎడ్, ఎంబీఏ బాగా తెలిసిన పెద్దలు "దీనికి ఉద్యోగం ఉంటుందా?" అని అడుగుతున్నారు. అది అడగవలసిన ప్రశ్నే.

అవసరమైతే చాలా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 7,933 పట్టణాలున్నాయి. వాటిలో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదని నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక తేల్చింది. రాష్ట్రాలన్నిటిలో కలిపి 12,000కు పైగా టౌన్ ప్లానర్లు కావాలని, మంజూరైన పోస్టులు 4,000 లోపేనని, వాటిలోనూ సుమారు సగం ఖాళీగా ఉన్నాయని చెప్పింది. చాలా రాష్ట్రాల్లో ఆ పోస్టుకు ప్లానింగ్ చదువు తప్పనిసరి కూడా కాదట! కాబట్టి అవసరం ఉన్నంత మాత్రాన ఉద్యోగం సిద్ధంగా ఉందని ఎవరూ అనుకోవద్దు. ప్రైవేటు కన్సల్టెన్సీలు, పట్టణాభివృద్ధి సంస్థల కాంట్రాక్టు పనులు మొదటి మెట్టు కావచ్చు.

ఈ చదువుతో మనకేమి పని అనే వారికి ఒక్క మాట. సమాధుల స్థలం చాలక ఇబ్బంది పడని పట్టణ సంఘం అరుదు. ఏ స్థలం నివాసానికి, ఏది రోడ్డుకు, ఏది శ్మశానానికి అన్నది మాస్టర్ ప్లాన్‌లో గీతగా పడుతుంది. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడిగే సమయంలో ఆ మ్యాపు చదవగలవారు మనలో ఎందరున్నారు? రోడ్డు వెడల్పులో ప్రహరీ పోయాక కలెక్టరేట్‌కు పరుగెత్తడమే మనకు అలవాటు.

ఇక సీటు సంగతి. విజయవాడలో 2008లో ఏర్పడిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కేంద్ర సంస్థ. ఢిల్లీ, భోపాల్‌లలోనూ అలాంటివి ఉన్నాయి. ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీలలో ప్లానింగ్ పీజీ ఉంది. వీటికి ముఖ్యమైన దారి గేట్ పరీక్ష. దాని స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆర్కిటెక్చర్, ప్లానింగ్, సివిల్ చదివినవారే కాక భూగోళశాస్త్రం, ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రంలో పీజీ చేసినవారికీ చాలాచోట్ల అర్హత ఉంది. ఈ సంగతి తెలియక ఆగిపోయేవారు ఉన్నారు.

గేట్ అర్హతతో గుర్తింపు ఉన్న కోర్సులో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం ఉంది. హాస్టల్, మెస్ ఖర్చులో చాలా భాగం దానితో గడుస్తుంది. ఫీజుకు బ్యాంకు రుణం చాలు. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరేవారికి పీఎం విద్యాలక్ష్మి పథకం కింద తాకట్టూ పూచీకత్తూ లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉంటే, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ అందనివారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. దానికి ఏటా లక్ష మంది పరిమితి. ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి లండన్ పంపే ముందు తల్లిదండ్రులు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. చదువయ్యాక అక్కడ ఉండి పని వెదుక్కునే వీసాను రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించాలని బ్రిటన్ 2025లో నిర్ణయించింది. ఏజెంట్లు ఈ మాట ముందుగా చెప్పరు.

కష్టమైన విషయం ఒకటుంది, దాటవేయలేము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ్యం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా లేదు. కనుక ఎస్సీ స్కాలర్‌షిప్పులూ వర్తించవు. మన రెండు రాష్ట్రాల్లో వారు బీసీ-సీ కిందకు వస్తారు. ఇది అన్యాయమన్నదే మా అభిప్రాయం. అయినా పిల్లల చేతికి ఏ సర్టిఫికెట్ ఇస్తున్నామో దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి. సీటు వచ్చాక విచారణ వస్తే నష్టపోయేది ఆ బిడ్డే.

సంఘాలు మొత్తం ఫీజు భరించలేవు, భరించనక్కరలేదు. గేట్ దరఖాస్తు రుసుము, పుస్తకాలు, చేరేనాటి అడ్మిషన్ ఫీజు, ఉపకారవేతనం మొదలయ్యేవరకు మెస్ బిల్లు: పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. ఆ సొమ్మును కమిటీ నేరుగా కాలేజీకే చెల్లించాలి, లెక్క ఆదివారం సంఘం ముందు చదవాలి. పెద్దల ఇంటి పిల్లలకే ఎప్పుడూ వరస రాకుండా ఎంపికలో బయటి ఉపాధ్యాయుడొకరిని కూర్చోబెట్టాలి. గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు ఆ ముందు ఏడాదిలోనే ముగుస్తాయి. క్రిస్మస్ కానుకలు లెక్కపెట్టాక ఆలోచిద్దామంటే ఆ ఏడాది పోయినట్టే.