డాక్టర్ గారి రోజుకు లెక్క ఎవరు రాయాలి?

ఉదయం ప్రభుత్వాసుపత్రిలో ఓపీ, ఆ తర్వాత మెడికల్ కాలేజీలో క్లాసు, సాయంత్రం సొంత క్లినిక్, రాత్రి ఏ ప్రైవేట్ ఆసుపత్రి నుంచో ఆపరేషన్‌కి రమ్మని ఫోను. మన దగ్గర చాలామంది స్పెషలిస్టుల రోజు ఇలాగే గడుస్తుంది. మీరు నీట్ పీజీకి చదువుతుంటే, రేపు మీ రోజూ ఇలాగే ముక్కలు కావచ్చు.

ప్రభుత్వాలు దీన్ని పట్టుకోవాలని చూస్తూనే ఉన్నాయి. కేంద్ర సర్వీసులో ప్రైవేట్ ప్రాక్టీస్ చేయకుండా ఉన్నందుకు మూలవేతనంలో 20 శాతం అలవెన్స్ ఇస్తారు. తెలంగాణ 2022లో కొత్తగా చేరే ప్రభుత్వ డాక్టర్లకు ప్రైవేట్ ప్రాక్టీస్‌ను నిషేధించింది. పాతవాళ్లను మాత్రం వదిలేసింది. అంటే ఒకే వార్డులో ఇద్దరికి రెండు రూల్స్! ఇక 2025 మే 1 నుంచి మెడికల్ కాలేజీల ఫ్యాకల్టీకి ఆధార్ ఆధారిత ఫేస్ అటెండెన్స్ వచ్చింది. ఫోన్‌లో ముఖం చూపించాలి, లొకేషన్ కూడా నమోదవుతుంది.

టెక్నాలజీ మీద రాసే మనిషిగా నాకు యాప్‌తో పేచీ లేదు. కాగితం మీద మాత్రమే ఉండే ఫ్యాకల్టీని అది కొంత ఆపుతుంది. కానీ దానికి తెలిసేది ఒక్కటే, ఫలానా టైముకి ఈ ముఖం ఇక్కడ ఉందని. ఆ మనిషి ఓపీలో కూర్చున్నారా, క్లాసు చెప్పారా, ఫోన్‌లో క్లినిక్ పేషెంట్లకు టైములిస్తున్నారా అన్నది దానికి పట్టదు. మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి, ఓపీ అయిపోయిందని తెలిసి సాయంత్రం క్లినిక్‌కి డబ్బులు వెతుక్కునే మనిషికి కావాల్సింది ఆ లెక్కే కదా.

ఇంగ్లండ్‌లో ఆ లెక్కను ముందే రాసుకుంటారు. ఎన్‌హెచ్‌ఎస్ కన్సల్టెంట్ల 2003 కాంట్రాక్టు ప్రకారం మామూలు పనివేళల్లో 4 గంటలు ఒక యూనిట్, ఫుల్‌టైమ్ అంటే వారానికి 10 యూనిట్లు. సాధారణంగా ఏడున్నర రోగులకు, రెండున్నర బోధన, ఆడిట్, సొంత చదువు లాంటివాటికి. ప్రైవేట్ ప్రాక్టీస్ చేయొచ్చు, కాకపోతే ఎప్పుడు, ఎక్కడ అన్నది దాచకూడదు. దీన్ని జాబ్ ప్లాన్ అంటారు, ఏటా కూర్చుని సరిచూసుకుంటారు. అక్కడ వెయిటింగ్ లిస్టులు లేవా అంటే ఉన్నాయి, బోలెడు. అయినా ఏ గంట ఎవరిదో కాగితం మీద ఉంటుంది. మీ సీనియర్లెవరైనా అక్కడ పనిచేస్తుంటే, ఆ ప్లాన్ ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోండి.

ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరబోయే ముందు జీతం ఒక్కటే అడిగి ఊరుకోకండి. వారంలో ఓపీకి ఎన్ని గంటలు, క్లాసులకెన్ని, నైట్ డ్యూటీ చేస్తే మర్నాడు సెలవుందా, బయట ప్రాక్టీస్ చేయొచ్చా లేదా అన్నవి ఆర్డర్ కాపీలోనే రాసివ్వమనండి.