భయం 60 రోజులది, గడువు 180 రోజులది

మెల్‌బోర్న్‌కు ఉత్తరాన ఉన్న మా క్రెయిగీబర్న్‌లో ఏ తెలుగువారింట విందుకు వెళ్ళినా, భోజనాలయ్యాక మాటలు చివరికి రెండు విషయాల దగ్గరకే చేరతాయి: ఇళ్ళ ధరలు, వీసాలు. 2007లో విద్యుత్ రైలు ఇక్కడిదాకా వచ్చాక, సిటీలో ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడ కాపురం పెట్టడం తేలికయింది. ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2016 జనాభా లెక్కల్లో 34 వేల పైచిలుకు ఉంటే, 2021 నాటికి 59 వేలు దాటారు. వీరిలో కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా మీద పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు తక్కువేమీ కాదు.

ఈ మిత్రులతో మాట్లాడినప్పుడు నాకు ఒక సంగతి విచిత్రంగా తోస్తుంది. మూడేళ్ళుగా జీతం పెరగకపోయినా, నేర్చుకోవడానికి కొత్త పని లేకపోయినా, వేరే ఉద్యోగం చూసుకోమంటే "వీసా వాళ్ళ చేతిలో ఉంది కదా" అంటారు. చట్టం మారింది కానీ మన భయం మారలేదు.

ఈ భయానికి కారణం లేకపోలేదు. 2016 నవంబరులో అప్పటి 457 వీసా వారికి, ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కునే గడువును 90 రోజుల నుంచి 60కి తగ్గించారు. రెండు నెలల్లో ఇంటర్వ్యూలు, ఆఫర్, కొత్త నామినేషన్ అన్నీ పూర్తి కావాలంటే ఎవరికైనా గుండె దడే. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్ళు 2022, 2023 లేఆఫ్‌లలో పడిన అవస్థ కూడా ఇలాంటి 60 రోజుల గడువుతోనే.

కానీ ఇక్కడ 2024 జూలై 1 నుంచి పరిస్థితి వేరు. 482 వీసా వారు స్పాన్సర్ దగ్గర పని మానేస్తే ఒక విడతలో 180 రోజుల వరకు, వీసా కాలం మొత్తం మీద 365 రోజుల వరకు గడువు ఉంటుంది. కంపెనీ తీసేసినా, మనంతట మనమే రాజీనామా చేసినా ఇదే లెక్క. ఆ సమయంలో వేరే యజమాని దగ్గర పనిచేయవచ్చు, అది మన వృత్తి కాకపోయినా సరే. వీసా పేరు చెప్పి ఉద్యోగిని బెదిరించి పనిచేయించుకోవడం అదే రోజు నుంచి నేరమయింది.

రెండో మార్పు 2024 డిసెంబర్ 7న వచ్చింది. 482 వీసా "స్కిల్స్ ఇన్ డిమాండ్" పేరుతో కొత్త రూపం దాల్చింది. కావలసిన అనుభవం రెండేళ్ళ నుంచి ఏడాదికి తగ్గింది. అంతకన్నా ముఖ్యమైనది 186 వీసా ద్వారా పీఆర్‌కు వెళ్ళేవారి సంగతి. అందుకు కావలసిన రెండేళ్ళూ ఒకే యజమాని దగ్గర గడపనక్కర లేదు. ఆమోదం పొందిన స్పాన్సర్ల దగ్గర నామినేట్ అయిన వృత్తిలో చేసిన కాలం లెక్కకు వస్తుంది. "కంపెనీ మారితే పీఆర్ లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు" అన్న మాటకు ఇప్పుడు ఆధారం లేదు.

ఇంత వెసులుబాటు ఉన్నా కదలకపోవడం చేతిలో వెన్న పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినట్లే. అలాగని రేపే రాజీనామా చేయమని నేను అనను. 180 రోజులు గడువే కానీ జీతం కాదు. తాత్కాలిక వీసా వారికి నిరుద్యోగ భృతి రాదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆగవు. కాబట్టి చేయవలసిన పనులు ఉద్యోగంలో ఉండగానే చేసుకోవాలి.

మొదటిది, కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవడం. గడువు ఎంత ఉన్నా చేతిలో డబ్బు లేకపోతే వచ్చిన మొదటి ఆఫర్‌కే తలవంచాలి.

రెండవది కాగితాలు. పేస్లిప్పులు, కాంట్రాక్టు, సూపర్ జమల వివరాలు సొంత కంప్యూటర్‌లో ఉంచుకోండి. మీరు చేసే పనులు వివరంగా రాసిన అనుభవ పత్రం మేనేజర్‌తో సంబంధాలు బాగున్నప్పుడే తీసుకోండి. స్కిల్ అసెస్‌మెంట్‌కు హోదా ఒక్కటీ చాలదు, చేసిన పనులు కనబడాలి.

మూడవది రిక్రూటర్‌తో మాట్లాడే తీరు. వీసా సంగతి దాచవద్దు, క్షమాపణ చెబుతున్నట్లూ చెప్పవద్దు. "నాకు 482 ఉంది, మీరు ఆమోదం పొందిన స్పాన్సర్ అయితే కొత్త నామినేషన్ వేస్తే చాలు" అని ఒక్క ముక్కలో చెప్పండి. చిన్న కంపెనీలు వెనకాడేది తరచు ఖర్చు చూసి. వారు కట్టవలసిన శిక్షణ లెవీ ఏడాదికి 1,200 డాలర్లు, పెద్ద కంపెనీలకు 1,800. ఈ లెవీని, నామినేషన్ ఫీజును ఉద్యోగి నుంచి వసూలు చేయడం చట్టవిరుద్ధం. పాత కంపెనీ "స్పాన్సర్‌షిప్ ఖర్చు తిరిగి కట్టి వెళ్ళు" అన్నా ఇదే జవాబు.

నాలుగవది హోదా మారే విషయం. డెవలపర్‌గా నామినేట్ అయినవారు మేనేజర్‌గా మారితే అది వేరే వృత్తి కిందకు రావచ్చు. అప్పుడు కొత్త నామినేషనే కాదు, కొత్త వీసా కూడా కావాలి. ప్రమోషన్ ఒప్పుకునే ముందే అడగండి. జీతం పరిమితి కూడా చూసుకోవాలి. 2025 జూలై 1న దాన్ని 76,515 డాలర్లు చేశారు, ఏటా జూలైలో సవరిస్తారు.

కంపెనీ మిమ్మల్ని తీసేస్తే మాత్రం తేదీలు జాగ్రత్త. అన్యాయంగా తొలగించారనుకుంటే ఫెయిర్ వర్క్ కమిషన్‌లో ఫిర్యాదుకు 21 రోజులే గడువు. యజమాని హోమ్ అఫైర్స్‌కు 28 రోజుల్లోగా తెలియజేయాలి. మీ వీసా షరతులు వీవోలో మీరే చూసుకోండి. సందేహముంటే విందులో దొరికిన సలహాతో సరిపెట్టుకోక, రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌ను అడగండి.

వీసా మనల్ని ఒక దేశంలో పనిచేయనిస్తుంది. ఒకే కుర్చీకి కట్టిపడేసే తాడుగా దాన్ని చూడనక్కర లేదు. ఈ ఏడాది కొత్తగా ఏం నేర్చుకున్నారని అడిగితే చెప్పడానికి ఏమీ లేకపోతే, రెజ్యూమే బయటకు తీయడానికి అంతకన్నా మంచి కారణం అక్కరలేదు.