పావుగంట పరీక్ష

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో, ఇబ్రహీంపట్నము పరిసరములందు, మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూరు గ్రామములలో ఇంజనీరింగు కళాశాలలు నిలిచియున్నవి. వానికి చేరువనే ఆదిభట్లలో టాటా కన్సల్టెన్సీ కార్యాలయమును, హెలికాప్టరు భాగములు తయారుచేయు కర్మాగారములును గలవు. కళాశాలకును కార్యాలయమునకును నడుమ దూరము కొద్ది కిలోమీటర్లే. కాని యాచారమునుండియు మంచాలనుండియు బస్సెక్కి వచ్చు విద్యార్థికి ఆ కొద్ది దూరములోనే ఒక గడప అడ్డముగా నున్నది. దాని పేరు ఇంటర్వ్యూ.

కంపెనీలు అభ్యర్థుల నెన్నుకొను పద్ధతి అందరెరిగినదే. తొలుత కంప్యూటరుపై లెక్కలు, తర్కము, ప్రోగ్రాములు వ్రాయవలెను. కొన్నిచోట్ల బృందచర్చ యుండును. చివర ఇద్దరు ముగ్గురు పెద్దలయెదుట కూర్చుండి మాటలాడవలెను. వ్రాతలో నిలిచిన పల్లెటూరి విద్యార్థి పెక్కుసారులు ఈ తుదిమెట్టుకడనే తడబడుచున్నాడు. “మిమ్ములను గూర్చి చెప్పుడు” అనునది సాధారణముగా మొదటి ప్రశ్న. దానికి పై తరగతివారినుండి క్రింది తరగతివారికి సంక్రమించిన సమాధాన మొకటి గలదు. పేరు, ఊరు మాత్రము మారును. కష్టపడు స్వభావమును, క్రొత్తవి నేర్చుకొను ఆసక్తియు మారవు. వినువారికి నాలుగవ అభ్యర్థి వచ్చుసరికే అది కంఠస్థమగును. పిమ్మట ప్రాజెక్టును గూర్చి అడుగుదురు. అమీరుపేటలో డబ్బిచ్చి ప్రాజెక్టు తెచ్చుకొన్నవాడు రెండు వాక్యములు దాటి చెప్పలేడు.

దోషము విద్యార్థిది మాత్రమే యనుట న్యాయము కాదు. మన తరగతిగదిలో ఉపాధ్యాయుడు చెప్పును, విద్యార్థి వ్రాసికొనును. ప్రశ్న వేసినవాడు కొన్నిచోట్ల ధిక్కారి యనిపించుకొనును. మార్కులలో అధికభాగము కలమునకే గాని కంఠమునకు కాదు. ఇట్లు మూడేండ్లు గడచిన పిదప, కంపెనీలు వచ్చు కాలమున, కొన్ని వారములు సంభాషణానైపుణ్య మను పేర పాఠములు పెట్టుదురు. ఏండ్లతరబడి నోరు మూయించి నలుబది దినములలో తెరిపింపజూచుట ఎట్టి శిక్షణ?

ఇంటర్వ్యూనే తొలగింపరాదా యని కొందరడుగుదురు. ప్రభుత్వములు కొంతవరకా పని చేసినవి. కేంద్రప్రభుత్వము 2016 జనవరి 1 నుండి క్రింది తరగతుల ఉద్యోగములకు మౌఖికపరీక్షను తీసివేసినది. తెలంగాణ ప్రభుత్వము 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగములకు సైతము దానిని రద్దుచేసినది. సిఫారసులకును పక్షపాతమునకును తావుండరాదను ఆ తలంపు మెచ్చదగినదే. కాని ప్రైవేటు కంపెనీలకు ఆ నిర్ణయములు వర్తింపవు. ఈ కళాశాలల విద్యార్థులలో అనేకులు చూచునది ఆ వాకిళ్లవైపే. కనుక పరీక్ష పోవునని యెదురుచూచుట సన్నాహము కానేరదు.

రోగమంతయు ఇంగ్లీషు రాకపోవుటలోనే యున్నదని మరికొందరి వాదము. ఇది సగము నిజము. సాఫ్ట్‌వేర్ కొలువులకు ఇంగ్లీషు కావలసినదే; కాదనుట పిల్లలను మోసగించుట. అయితే శ్రీకాకుళము జిల్లాలో రైతు కుటుంబమున పుట్టి, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్ సర్వీసు పరీక్షను తెలుగులో వ్రాసి, ఇంటర్వ్యూను సైతము తెలుగులోనే యిచ్చి, దేశమున మూడవ స్థానము పొందిన సంగతి మరువరాదు. ఆ పరీక్షలో 2025 మార్కులకు 275 ఇంటర్వ్యూవే. మొదట చెప్పదగిన విషయ ముండవలెను. దానిని క్రమముగా చెప్పగల అలవాటుండవలెను. భాష ఆ రెంటిని మోయును. తాను చేసిన పనిని తెలుగులో రెండు నిమిషములు చెప్పలేనివాడు ఇంగ్లీషులో చెప్పునని ఆశించుట వట్టిది.

ఒక ఉదాహరణము చూతము. సెలవులకు ఇంటికి పోయిన విద్యార్థి బోరుమోటారు స్టార్టరు చెడిపోగా విప్పి చూచి బాగుచేసినాడనుకొందము. ఏది చెడెనో, ఎట్లు కనుగొనెనో తల్లిదండ్రులకు చక్కగా చెప్పగలడు. ఇంటర్వ్యూలో అదే అడుగుదురు: చిక్కు నెట్లు గుర్తించితివి, ఏమి చేసితివి, ఏమి తెలిసికొంటివి? కాని అది చెప్పదగిన విషయమని వానికెవ్వరును చెప్పలేదు. కావున వాడు కంఠస్థము చేసిన పేరానే అప్పగించును.

అసలైన సన్నాహము మొదటి సంవత్సరముననే మొదలు కావలెను. వారమున కొకమారు ప్రతివిద్యార్థియు లేచి, ప్రయోగశాలలో తాను చేసినదేమో, తప్పినదేమో, ముందు తెలుగులోను, పిదప ఇంగ్లీషులోను చెప్పవలెను, తోడివారు ప్రశ్నింపవలెను. ప్రాజెక్టు చిన్నదైనను స్వంతమై యుండవలెను. పోబోవు కంపెనీ యేమి చేయుచున్నదో తెలిసికొనవలెను. తెలియనిదానిని తెలియదని చెప్పి, ఎట్లు తెలిసికొందునో చెప్పుటయు నేర్వవలెను. వీనిలో వేనికిని పెద్ద వ్యయము లేదు.

ఇంటిలో మొట్టమొదటి పట్టభద్రుడగు పిల్లవాని ఫీజు కొంత ప్రభుత్వము కట్టినది, కొంత తండ్రి అప్పు తెచ్చినాడు. ఆ యింటివారి నాలుగేండ్ల నిరీక్షణ పావుగంటలో తేలిపోవును. కుతుబ్‌షాహీలనాటి ఇబ్రహీంపట్నము చెరువుక్రింద సేద్యము చేసిన రైతు నడిగినచో చెప్పును: వాన కురియునాడు కాలువలలో పూడిక తీయుటకు వ్యవధి యుండదు, ఆ పని ఎండలలోనే చేసియుంచవలెను.