మురుగు ఆపకుండా చెరువులో తోట వేస్తే ఏం లాభం?

చెరువు నీళ్లు పచ్చబడి కంపు కొడుతుంటే ఏం చెయ్యాలన్న ప్రశ్నకు ఈమధ్య ఒక జవాబు తరచు వినవస్తున్నది. నీటి మీద తెప్పలు కట్టి, వాటిపై మొక్కలు నాటితే నీరు శుభ్రపడుతుందట. కాలనీ సంఘాల వారు ఈ మాటే అంటున్నారు, అధికారులూ అంటున్నారు. మాటలో నిజం ఉన్నది. కాని సగమే ఉన్నది. మిగతా సగం పట్టించుకోకుండా డబ్బు ఖర్చు పెడితే రెండు మూడేళ్ల తర్వాత చెరువులో పాత మురుగుతోపాటు విరిగిన తెప్పలు కూడా మిగులుతాయి.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. మన రంగారెడ్డి జిల్లాలోనే, గండిపేట మండలం నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరి 2న, చిత్తడి నేలల దినోత్సవం నాడు, ఇటువంటి తోటను నీటిపైకి దించారు. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ హెచ్.ఎం.డి.ఎ., జిల్లా యంత్రాంగాల తోడ్పాటుతో చేసిన పని ఇది. విస్తీర్ణం 3,000 చదరపు అడుగులు, మొక్కలు 3,500. అడుగున వెదురు, దానిపై థర్మాకోల్, ఆపైన గోనెపట్టా, కంకర. మట్టి లేదు. వట్టివేరు, మెట్టతామర, జమ్ము, తుంగ వంటివి నాటారు. ఒకప్పుడు గుర్రపుడెక్క కమ్ముకున్న చెరువు అది. దాన్ని తీయించి ఇంత పని చేసినవారిని మెచ్చుకోవలసిందే.

ఈ తోట ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం అవసరం. మొక్కలే మురికిని తాగేస్తాయని చాలామంది అనుకుంటున్నారు. అసలు పనిలో పెద్ద వాటా వేళ్లది. మట్టి లేదు కనుక వేళ్లు నేరుగా నీటిలోకి వేలాడతాయి. కుచ్చులాంటి ఆ వేళ్ల మీద సన్నని జిగురుపొర పడుతుంది. అందులో ఉండే సూక్ష్మజీవులు నీటిలోని కుళ్లును విడగొడతాయి. నీటిలో తేలే నలుసులు వేళ్లకు తగిలి అక్కడే చిక్కుతాయి, లేదా అడుగుకు దిగుతాయి. నత్రజనిలో కొంత సూక్ష్మజీవుల చేతిలో వాయువుగా మారి గాలిలో కలుస్తుంది, కొంత మొక్కల ఒంటికి పడుతుంది. పైన నీడ ఉంటుంది కనుక నాచు జోరు కూడా కొంత తగ్గుతుంది. మన చెరువులు వానాకాలంలో అలుగు పారి, వేసవిలో తూము దగ్గరికి కుంచించుకుపోతాయి. నీటితోపాటు లేచి నీటితోపాటు దిగే తోట కావడం ఇక్కడి తీరుకు సరిపోయిన సంగతి.

గుర్రపుడెక్క కూడా నీటి మీద తేలే మొక్కే కదా, దాన్ని పీకించి వీటిని పెట్టడమెందుకని ఒక పెద్దాయన నన్ను అడిగారు. తగిన ప్రశ్నే. నిజానికి గుర్రపుడెక్క కూడా నీటిలోని సారాన్ని బాగానే లాగుతుంది. కాని అది చెప్పినచోట ఉండదు. చెరువంతా కప్పేసి, గాలి వెలుతురు అందకుండా చేసి, చచ్చి అక్కడే కుళ్లుతుంది. తెప్ప మీది మొక్కకు హద్దు ఉన్నది. దాన్ని కోసి ఒడ్డుకు తేవచ్చు.

ఆ కోతే ముఖ్యం. నత్రజనిలాగా భాస్వరం గాలిలో కలిసిపోదు. సబ్బుపొడిలోంచి, మలమూత్రాల్లోంచి వచ్చిన భాస్వరం మొక్కలోకి ఎక్కాలి, లేదా అడుగు బురదలో దిగాలి. మొక్కను సమయానికి కోసి బయట వేస్తేనే అది చెరువును వదులుతుంది. కోయకపోతే ఆకు ఎండి, రాలి, మళ్లీ నీళ్లలోకే పోతుంది. వెనుకటి రైతులు వేసవిలో పూడిక మట్టిని బండ్ల మీద పొలాలకు తోలుకున్నప్పుడు జరిగింది కూడా ఇదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు మట్టిని చేలకు తోలించడంలోనూ ఈ మేలు ఉన్నది.

ఇక లెక్క చూద్దాం. 3,000 చదరపు అడుగులంటే మూడు గుంటలు కూడా కాదు. పదెకరాల చెరువంటే నాలుగు వందల గుంటలు. అంటే అంత పెద్ద తోట కూడా అటువంటి చెరువులో నూటికి ఒక వంతు నిండదు. మరి చెరువులోకి వచ్చేదెంత? డ్రైనేజి ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలని, అందులో నూటికి 80 వంతులు మురుగై తిరిగి వస్తుందని ఇంజనీర్లు అంచనా కడతారు. ఇంటికి ఐదుగురు చొప్పున వెయ్యి ఇళ్ల కాలనీ ఒక్కటి కాలువ వదిలితే చాలు, రోజుకు 5 లక్షల 40 వేల లీటర్ల మురుగు. మూడు గుంటల తోట మీద ఇంత భారం వేసి, నీరు ఎందుకు తేటపడలేదని అడగడం న్యాయం కాదు. పోనీ చెరువంతా తెప్పలు పరుద్దామా అంటే, అప్పుడు గాలి తగలక అడుగు నీటికి ప్రాణవాయువు అందదు. గుర్రపుడెక్క చేసిన పనే మనం డబ్బు పెట్టి చేసినట్లవుతుంది.

దీని దెబ్బ ముందు తగిలేది మత్స్యకారులకు. మురుగు సారంతో నాచు పెరుగుతుంది. పగలు అది ప్రాణవాయువు విడుస్తుంది గాని రాత్రంతా తానూ పీలుస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడో, మబ్బు పట్టిన మరునాడో గుంపులుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకువస్తాయి. పిల్ల చేప వదిలి నెలల తరబడి కాచుకున్న కుటుంబాలకు ఆ ఒక్క ఉదయంతో ఏడాది పోతుంది. బతుకమ్మను చెరువులో సాగనంపే ఆడపడుచులు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకోవలసి రావడం మరో బాధ.

కనుక మొదట మురుగు కాలువను చెరువు నోటి దగ్గర ఆపాలి, శుద్ధి చేయాలి, లేదా మళ్లించాలి. ఆ తర్వాత కూడా వాన నీటితోపాటు వచ్చే కొసరు మురికికి ఈ తోట మంచి సాధనం. అప్పుడు కూడా దాన్ని ఎక్కడ పెడతామన్నది చూడాలి. కట్ట మీద షికారుకు వచ్చేవారికి ఫోటోలో పడేచోట కాదు, కాలువ దిగే మూల పెట్టాలి. అక్కడ వాసన ఉంటుంది, ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలకు ఇబ్బందే. కాని పని అక్కడే ఉన్నది. శిఖం భూముల్లో పూర్వం తనంతట తానే పెరిగిన జమ్ము, తుంగ చేసిన పని కూడా అక్కడిదే. శిఖం ప్లాట్లు అయిపోయిన తర్వాత ఇప్పుడు జమ్మును డబ్బిచ్చి తెప్పలెక్కిస్తున్నాం.

థర్మాకోల్ విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ఎండకు పెళుసెక్కి తెల్లని పూసలుగా రాలి నీటి మీద తేలుతుంది. చేపలూ పిట్టలూ తింటాయి. వెదురు కొన్నేళ్లకు పుచ్చుతుంది నిజమే, కాని పుచ్చిన వెదురును మార్చుకోవచ్చు. రాలిన పూసలను ఎవరు ఏరుతారు?

నిర్వహణ పనిని మత్స్య సహకార సంఘాలకే ఒప్పగించడం మంచిది. వారికి పుట్టి ఉన్నది, ఈత వచ్చు, చెరువు లోతు తెలుసు. ఏడాదికి రెండు మూడు కోతలకు, తెప్పల మరమ్మతుకు కూలి ముందే కట్టి ఇవ్వాలి. ఇళ్ల మురుగు మాత్రమే వచ్చే చెరువైతే కోసిన ఆకును ఎరువు చేయవచ్చు. ఫ్యాక్టరీ నీళ్లు కలిసేచోట మాత్రం దాన్ని గొడ్లకు వేయరాదు, చేలకూ తోలరాదు. పటాన్‌చెరు పరిసరాల చెరువులు, వాగులు ఏమైనాయో చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తర్వాత చెరువుల హద్దుల గురించి అందరూ మాట్లాడుతున్నారు. సంతోషమే. ఆ హద్దుల లోపల ఉన్నది నీరా, మురుగా అన్న విచారణ కూడా జరగాలి. ఏ చెరువుకైనా తేలే తోటకు అంచనా తయారుచేసే అధికారులు మూడు సంగతులు అందులో రాసి, గ్రామస్థులకు చదివి వినిపించాలి: చెరువులో పడే కాలువలు ఎన్ని, వాటిని ఏ తేదీలోగా ఆపుతారు, తోట కోతకు ఏటా ఎంత సొమ్ము పెడతారు. ఇవి లేని అంచనా మీద సంతకం పెట్టకూడదు.